తెర పడని ఉత్తర్వు

మాధవలంకలోని ఆ భవనానికి పెట్టిన పేర్లన్నీ వరసగా చదివితే చాలు, పిల్లలకు దేశచరిత్ర వేరే చెప్పనక్కరలేదు. ఊరికి కరెంటు రాని రోజుల్లో జమీందారుగారు నాటకాల పిచ్చితో దాన్ని కట్టించి, ఐదవ జార్జి చక్రవర్తి పట్టాభిషేకం పేరు చెప్పి ‘కారొనేషన్ నాటకశాల’ అన్నారు. చక్రవర్తికి ఆ సంగతి తెలిసిన దాఖలా లేదు. స్వరాజ్యం వచ్చాక, ముఖద్వారం మీది చక్రవర్తి సున్నపు బొమ్మకు కిరీటం చెక్కి తీసేసి, కళ్ళజోడు తగిలించి, ఆ నాయకుడెవరో చూసేవాళ్ళ ఇష్టానికి వదిలేసి, ‘జాతీయ కళామందిరం’ అన్నారు. తరువాత అది ‘శ్రీ మీనాక్షీ టాకీస్’ అయింది. మీనాక్షి ఎవరని యజమానిని ఆయన భార్య బతికినన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నది. టాకీసు మూతపడ్డాక బియ్యం గిడ్డంగి అయింది, ఎలుకలు బలిశాక ‘శుభలగ్న ఫంక్షన్ హాలు’ అయింది. చివరికి, రెవిన్యూ డివిజను కార్యాలయపు కప్పు కారుతున్నదని ఆ కార్యాలయాన్ని తాత్కాలికంగా ఇందులోకి మార్చారు. ఆ తాత్కాలికానికి పుష్కరం దాటింది.

బోర్డు మీద ఏమున్నా, ఊరు మాత్రం దాన్ని జార్జి హాలనే పిలిచేది.

ఇన్ని పేర్లు మారినా ఆ భవనంలో మారని మనిషి ఒకరు ఉన్నారు. రంగస్థలం వెనక, ఒకప్పుడు కిరీటాలూ గదలూ దాచుకొనే రెండు గదుల్లో పేరిందేవి పుట్టింది, పెరిగింది, ఇప్పుడు వృద్ధురాలయింది. ఆమె తండ్రి గవర్రాజు ఆ నాటకశాలకు హార్మోనిస్టు. ఒకనాటి ఆట ముగిశాక జమీందారుగారు వేదిక మీదికి వచ్చి, నిండు సభలో, “నీ ఇంట హార్మోనియం మోగినంత కాలం ఆ గదులు నీవి గవర్రాజూ” అన్నారు. నేలక్లాసు జనం ఆ మాటకు వన్స్‌మోర్ కొడితే, ఆయన మురిసిపోయి మళ్ళీ చెప్పారు. రెండుసార్లు చెప్పారు గాని, ఒక్కసారైనా కాగితం మీద పెట్టలేదు.

పేరిందేవి తండ్రి కాలి హార్మోనియాన్ని తుడిచి ఉంచుకొని, సోమవారాలు భజన సంఘానికీ, ఆదివారాలు చర్చిలో పాటల బృందానికీ వాయిస్తూ ఆ గదుల్లోనే బతుకుతున్నది. ఎవరి ముందూ చేయి చాచింది లేదు, ఎవరి ముందూ తల వంచింది అంతకన్నా లేదు.

అటువంటి రోజుల్లో రాజధాని నుంచి ‘జీవవారసత్వ భవనముల నియమావళి’ వచ్చింది. దాన్ని వెంటబెట్టుకొని సంప్రదాయ పరిరక్షణాధికారి చిదానందం దిగారు. వారి శాఖ పెద్దలు ఎక్కడో విదేశంలో పది రోజుల సదస్సుకు వెళ్ళి, వారసత్వమంటే ఇటుకలూ సున్నమూ కాదు, ఆచారాలే అసలు వారసత్వమని తెలుసుకొని వచ్చారట.

“ఏడవ నిబంధన చిత్తగించండి” అని చిదానందం ఆర్డీవో త్రివిక్రమరావు బల్ల మీద పుస్తకం తెరిచారు. “వారసత్వ భవనమందు ప్రస్తుత వినియోగము ఏదైనప్పటికిని, ప్రథమ వినియోగ కాలము నాటి ఆచారములు యావత్తును లోపరహితముగా అనుసరింపబడవలెను.”

“అంటే ఇక్కడ మళ్ళీ నాటకాలు ఆడాలా?”

“వినియోగం మార్చాలంటే వేరే శాఖ అనుమతి కావాలండి. మా పరిధి ఆచారముల వరకే. కార్యాలయం కార్యాలయంగానే ఉంటుంది. నడవడిక మాత్రం నాటకశాలది.”

“నేను డివిజను మేజిస్ట్రేటు అధికారాలున్న వాడిని చిదానందంగారూ.”

“అందుకేనండి, తమది నాయకపాత్ర.”

త్రివిక్రమరావు చొక్కా కాలరు సర్దుకొన్నారు. ఆ మాట ఆయనకు మరీ అంత అభ్యంతరకరంగా తోచలేదు.

మొదటి విచారణనాడు అర్జీదారులు వచ్చేసరికి హాలులో కుర్చీలు, బెంచీలు, నేల అని మూడు తరగతులు ఏర్పడి ఉన్నాయి. భూములున్నవాళ్ళు కుర్చీల్లోనూ, భూముల మీద దావాలున్నవాళ్ళు బెంచీల మీదా, ఏమీ లేనివాళ్ళు నేల మీదా కూర్చున్నారు. నిజానికి ఇదివరకూ అంతే కూర్చునేవారు, ఇప్పుడు దానికి నిబంధన ఏర్పడిందంతే. గంట మోగింది. గుమాస్తాలందరూ వరసగా నిలబడి ప్రార్థన పాడారు. తెర లేచింది. ఎడమ పక్క నుంచి ఆర్డీవోగారు ముఖాన వేషగాళ్ళ పచ్చరంగు, అర్దళం, పూసుకొని ప్రవేశించి, రెండడుగులు వేసి, ఆగి, సభను కలియజూశారు. తెర చాటున డిప్యూటీ తాసిల్దారు ఫైలు పట్టుకొని ఆయనకు మాట అందిస్తున్నాడు.

మొదటి అర్జీ నూకాలుది. కాలవ గట్టు మీద చేపల కొట్టు పెట్టుకొన్న చోటికి పట్టా కావాలని ఆమె అర్జీ. నూకాలు చెంగు బిగించుకొని వేదిక మెట్లెక్కబోతుంటే చిదానందం చేయి అడ్డం పెట్టారు.

“ఆనాడు ఈ వేదిక మీద స్త్రీలు ఎక్కలేదమ్మా. స్త్రీ పాత్రలు పురుషులే ధరించేవారు.”

“మరి నా గోడు ఎవరు చెప్తారండీ?”

“మీ పాత్రకు సీనియర్ అసిస్టెంటు పట్టాభిని నియమించాం.”

పట్టాభి ముదురాకుపచ్చ చీర కట్టుకొని, సవరం పెట్టుకొని, నడుం మీద చేయి వేసుకొని ప్రవేశించాడు. అర్జీలో నాలుగు వాక్యాలుంటే, అతను నాలుగు కన్నీటి ఘట్టాలు చేశాడు. నేల మీద కూర్చున్న నూకాలు పక్కనున్న పేరిందేవి మోకాలు గిల్లింది. ఇంటి గుమ్మం దాటితే హాలే గనుక, పేరిందేవి చూసిపోదామని వచ్చి కూర్చున్నది.

“ఏంటక్కా ఇది? నా మొగుడు పోయాడని ఆడెవడో బొట్టు చెరుపుకుంటున్నాడు. నా మొగుడు రాయిలా ఉన్నాడు, బయట సైకిలు కాసుకుంటున్నాడు.”

“ఊరుకో, ఆయనకు ఏడుపు బాగా కుదిరింది.”

ఆర్డీవోగారు పట్టా మంజూరు చేశారు. నేలక్లాసు ఒక్క గొంతుతో “వన్స్‌మోర్” అన్నది. త్రివిక్రమరావు తెల్లబోయారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చెప్పిన మాటను మళ్ళీ వినాలని కోరిన వాళ్ళు లేరు.

“తప్పదండి” అన్నారు చిదానందం వేదిక పక్క నుంచి. “వన్స్‌మోర్ పడ్డ అంశం మళ్ళీ జరిగేదాకా ముగిసినట్టు కాదు. ముగియనిదే తెర వేయకూడదు. తెర పడనిదే ఉత్తర్వు అమలు కాదు. ఆనాడు ఇదే వేదిక మీద చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేది. చచ్చినవాడికి లేని వెసులుబాటు తమకు ఇవ్వలేం కదా.”

“ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లా?”

“ప్రేక్షకుని కోరికకు ఆనాడు పరిమితి లేదండి. మా పరిశోధనలో తేలింది.”

త్రివిక్రమరావు మళ్ళీ చెప్పారు. ఈసారి ‘మంజూరు’ అన్న మాటను కాస్త సాగదీశారు. చప్పట్లు పడ్డాయి. తెర పడ్డాక ఆయన అద్దం ముందు చాలాసేపు కూర్చున్నారనీ, అర్దళం తుడుచుకోవడానికి ఒప్పుకోలేదనీ బంట్రోతులు చెప్పుకొన్నారు.

అక్కడి నుంచి ఆర్డీవోగారి దశ తిరిగింది. ఉత్తర్వులు వచనంలో చప్పగా ఉన్నాయని ఆయనే పద్యాలు కట్టసాగారు. వారసత్వ శాఖ కూడా నెలవారీ నివేదికలో వన్స్‌మోర్‌ల లెక్క పంపమన్నది. లెక్క పెరగాలంటే నేలక్లాసు సంతోషించాలి, నేలక్లాసు సంతోషించాలంటే పేదవాడికి ఏదో ఒకటి దక్కాలి. ఆ విధంగా, న్యాయం కోసం కాకపోయినా, ఆ నెలల్లో మాధవలంక డివిజనులో కొంత న్యాయం జరిగింది. అది గమనించిన భూస్వాములు కేకలు వేయడానికి కూలికి మనుషుల్ని లారీల్లో తోలించారు. ఆ పైన న్యాయం తన పాత చోటికి వెళ్ళిపోయింది.

ఎన్ని పద్యాలు కట్టినా ఒక లోటు మిగిలింది. ఆర్డీవోగారికి శ్రుతి నిలవదు. ‘ఇందుమూలముగా’ అని ఒక శ్రుతిలో ఎత్తుకొని, ‘తెలియజేయడమైనది’ దగ్గరికి వచ్చేసరికి మరొక శ్రుతిలో తేలేవారు. ఆచారం ప్రకారం హార్మోనిస్టు ఉండితీరాలని చిదానందం తేల్చారు.

ఒకానొక ఉదయం బంట్రోతు పేరిందేవి గుమ్మంలో రెండు కవర్లు పెట్టి సంతకం పెట్టించుకొన్నాడు. ఒకటి, ఆమెను కార్యాలయ హార్మోనిస్టుగా నియమించే ఉత్తర్వు. రెండవది, ఆమె నివసిస్తున్న గదులను ‘హార్మోనిస్టు గవర్రాజు స్మారక ప్రదర్శనశాల’గా మార్చదలచినందున, వాటిని ఎందుకు ఖాళీ చేయరాదో విచారణలో చెప్పుకోవలసిందని తాఖీదు.

పేరిందేవి రెండూ పట్టుకొని చిదానందం దగ్గరికి వెళ్ళింది.

“ఇది మా నాన్న పేరేనా?”

“మీ నాన్నగారి గౌరవార్థమేనమ్మా. ఆయన కూర్చున్న పీట, తాగిన గ్లాసు, గోడకు కొట్టిన మేకు, అన్నీ యథాతథంగా ఉంచుతాం. అద్దాల పెట్టెలో హార్మోనియం.”

“ఆయన కూతురు?”

చిదానందం పుస్తకం తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే వెతికారు. “కూతురు ప్రదర్శన వస్తువుల కిందికి రాదమ్మా. ఆక్రమణ కిందికి వస్తుంది.”

“నేను పుట్టింది ఆ గదిలోనండీ.”

“భవనం ప్రారంభమైన నాటికి మీరు లేరు కదా. ఆచారరీత్యా మీరు తరువాత చేర్చిన భాగం.”

“బాగుంది. మరి హార్మోనియం దగ్గర ఆడది కూర్చోవచ్చా?”

“హార్మోనియం వేదిక కింద ఉంటుంది గనుక, అక్కడ కూర్చున్నది స్త్రీయా పురుషుడా అన్నది ఆచారం పట్టించుకోదు. వాయించాలి, మాట్లాడకూడదు. అంతే.”

పేరిందేవి నియామకపుటుత్తర్వును మడిచి రవికలో దోపుకొన్నది. తనను ఇంట్లోంచి వెళ్ళగొట్టే విచారణకు తానే శ్రుతి పట్టాలన్నమాట. కాదంటే పక్క ఊరి నుంచి మరొకరిని తెచ్చుకొంటారు, అప్పుడు ఆ హాలులో తన ఇంటి హార్మోనియం మోగదు. “వాయిస్తానండి” అన్నది.

విచారణకు ముందురోజు పట్టాభి తడబడుతూ ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

“పిన్నిగారూ, రేపు మీ పాత్ర నాదేనండి. మీ చీర ఒకటి ఇప్పిస్తే సహజంగా ఉంటుందని.”

“చీర ఇస్తాను గాని, ఒక్క మాట చెప్పు నాయనా. జమీందారుగారు నిండు సభలో మాటిచ్చారు. హార్మోనియం మోగినంత కాలం గదులు మావన్నారు. అదొక్కటీ చెప్పు, ఇంకేమీ వద్దు.”

“ఆయ్, చెప్తానండి” అన్నాడు పట్టాభి. ఆమె నీలంచుల నేతచీర చంకన పెట్టుకొని వెళ్ళాడు.

మర్నాడు జార్జి హాలు కిటకిటలాడింది. తెర లేచింది. పేరిందేవి వేదిక కింద హార్మోనియం ముందు కూర్చొని తల ఎత్తి చూస్తే, తన చీర కట్టుకొని తానే ప్రవేశించింది. ఆ తాను వంగిపోయి నడిచింది, ఈ తాను ఎన్నడూ అలా నడవలేదు. ఆ తాను దగ్గింది. దిక్కులేనిదాన్ని, ఏ పాపం చేసుకొని ఆడపుట్టుక పుట్టానోనని విలపించింది. చివరికి ఆర్డీవోగారి పాదాల మీద సాష్టాంగంగా పడింది. కుర్చీల్లో వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకొన్నారు. “వన్స్‌మోర్” అన్నది సభ. తాను మళ్ళీ లేచి, మళ్ళీ పాదాల మీద పడింది.

పేరిందేవికి ఒళ్ళంతా మండింది. జమీందారు మాట ఏదని పట్టాభి వంక చూసి, హార్మోనియం మెట్టు ఒకటి గట్టిగా నొక్కింది. పట్టాభి తెర చాటుకు చూశాడు. డిప్యూటీ తాసిల్దారు ఫైలు తిప్పి చూసి తల అడ్డంగా ఆడించాడు, ఆ మాట రికార్డులో లేదు. పట్టాభి సిగ్గుపడి, చేసేది లేక మూడోసారి పాదాల మీద పడ్డాడు. దాన్ని ఎవరూ అడగలేదు.

త్రివిక్రమరావు గొంతు సవరించుకొని హార్మోనియం వైపు చూశారు. పేరిందేవి వేళ్ళు మెట్ల మీద ఆగిపోయాయి. ఆ మీదట, తండ్రి నాయకపాత్రకు పట్టినట్టే నిండుగా శ్రుతి పట్టింది. ఆర్డీవోగారు చేయి చాచి ఎత్తుకొన్నారు:

దీని మూలమ్ముగా నీకు తెలియు నదియె
సదరు గదులను ఖాళీగ సలుపవలయు
పక్ష దినముల లోపల బయలుదేఱి
లేనిచో చర్య గైకొన లెస్స యగును

ఛందస్సు ఎక్కడా తప్పలేదు. తప్పినది న్యాయమొక్కటే. ‘లెస్స యగును’ దగ్గర ఆయన రాగాన్ని కప్పుదాకా తీసుకువెళ్ళి మెల్లగా దింపారు. దింపి, ఎదురుచూశారు.

సభ పలకలేదు. ముసలిదాన్ని వీధిలో పెట్టే పద్యానికి వన్స్‌మోర్ కొట్టడానికి నేలక్లాసుకు నోరు రాలేదు. కూలికి వచ్చిన వాళ్ళకు ఈ కేసులో కూలి లేదు. త్రివిక్రమరావు ముఖాన అర్దళం కింద రంగు మారింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక పద్యం ఊరికే పోయింది. బంట్రోతు తెర తాడు మీద చేయి వేశాడు. ఆ తెర పడితే ఉత్తర్వు అమలవుతుంది.

“వన్స్‌మోర్.”

ఆ గొంతు వేదిక కింద నుంచి వచ్చింది. నిదానంగా, స్పష్టంగా, పాఠం చెప్పినట్టు వచ్చింది. అందరూ మెడలు చాచి చూశారు.

“ఏంటక్కా, మతిగాని పోయిందా?” అన్నది నూకాలు వెనక నుంచి. “అది నిన్ను గెంటేసే పద్యమే.”

పేరిందేవి వెనుదిరిగి చూడలేదు. డిప్యూటీ తాసిల్దారు తెర చాటు నుంచి, హార్మోనిస్టు మాట్లాడకూడదని అభ్యంతరం లేవదీశాడు. త్రివిక్రమరావు ఆశగా చిదానందం వైపు చూశారు. చిదానందం కళ్ళు మూసుకొని ఆలోచించి తీర్పు చెప్పారు.

“హార్మోనియం వేదిక అంచు దీపాలకు ఇవతల ఉన్నది, వేదికకు దిగువ ఉన్నది. కనుక హార్మోనిస్టు సభలో భాగం. సభలో ఉన్న స్త్రీకి సంభాషణ లేదు గాని, వన్స్‌మోర్ ఉన్నది. ఆనాడు వెదురు తెరల వెనక కూర్చున్న ఆడవాళ్ళు కూడా కొట్టేవారు. పాడండి సార్.”

ఆయన పాడారు. మొదటిసారికన్నా బాగా పాడారు. బంట్రోతు తాడు పట్టుకొన్నాడు.

“వన్స్‌మోర్” అన్నది పేరిందేవి.

మూడోసారి పాడుతుండగా, తొడ మీద తాళం వేస్తున్న నూకాలు చేయి ఆగిపోయింది. ఆమెకు తన పట్టానాటి సంగతి గుర్తుకు వచ్చింది. తెర పడేదాకా పట్టా చేతికివ్వలేదు. నూకాలు మోకాళ్ళ మీద లేచి, చేపల బజారులో బేరం తెంచే గొంతుతో “వన్స్‌మోర్” అని కేకేసింది. తరువాత నేలంతా అన్నది, బెంచీలు అన్నాయి. వేదిక మీద ఏ పాత్రకూ అది తగని పనైనా, చీరలో ఉన్న పట్టాభి కూడా చేతులు నోటికి అడ్డం పెట్టుకొని అన్నాడు.

సాయంత్రం అయిదయింది. అంశం నడుమ తెర వేయడం ఆచారం కాదు గనుక, తెర అలాగే ఉంచి తలుపులు మాత్రం వేశారు. మర్నాడు ప్రార్థన అవగానే ఉత్తర్వు ఆగిన చోట నుంచి మొదలైంది.

పక్షం దాటింది. ఖాళీ చేయవలసిన గదుల్లో పేరిందేవి రోజూ పొద్దున్నే అన్నం వార్చుకొని, తల దువ్వుకొని, హాలులోకి వచ్చి శ్రుతి పడుతున్నది. ఆర్డీవోగారు మిరియాల కషాయం తాగుతూ పాడుతున్నారు. ఒకనాడు గొంతు పట్టేసి ఆయన మానబోతే, నాయకపాత్ర మధ్యలో నిష్క్రమిస్తే ఆచారభంగమని చిదానందం మెమో ఇచ్చారు. ఈ చిక్కు ఎలా విడదీయాలని రాజధానికి రాస్తే, జీవవారసత్వానికి ఇంతకన్న సజీవమైన నిదర్శనం రాష్ట్రంలో లేదని ప్రశంసాపత్రం వచ్చింది.

తక్కిన అర్జీలన్నీ ఏం కావాలి? వాటిని పాత కార్యాలయానికి, ఆ కారే కప్పు కిందికే మార్చారు. ఆ భవనానికి వారసత్వం లేదు. తెర లేదు, అర్దళం లేదు, కుర్చీలు చాలక అందరూ నిలబడే ఉంటారు. చినుకు పడితే బక్కెట్టు పెడతారు. అక్కడ ఆడవాళ్ళు తమ గోడు తామే చెప్పుకొంటున్నారు. డిప్యూటీ తాసిల్దారు వచనంలో ఒక్కసారి చెప్పి ఊరుకొంటున్నాడు. పనులు అవుతున్నాయి.

జార్జి హాలులో మిగిలింది ఆ ఒక్క పద్యమే. దాన్ని వినడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తున్నారు. బయట సోడాలూ, మరమరాలూ అమ్ముతున్నారు. బోర్డు మార్చడానికి వచ్చిన పెయింటరు నిచ్చెన ఎక్కి, ఏం రాయమంటారని అడిగితే, చెప్పగలిగిన వాళ్ళు లేక దిగివచ్చాడు. ఎందరు ఎన్ని పేర్లు పెట్టినా, ఆ భవనం మళ్ళీ నాటకశాల అయి కూర్చున్నది. దానికి మాత్రం ఏ శాఖా అనుమతి ఇవ్వలేదు.

త్రివిక్రమరావుకు బదిలీ అయింది. అప్పగింతల్లో బల్లలూ, బీరువాలూ, జీపు తాళాలతో పాటు, ‘నడుస్తున్న పద్యం ఒకటి’ అని కొత్త ఆర్డీవోకు ఒప్పజెప్పారు. కొత్తాయన చిన్నవాడు, మర్యాదస్థుడు. ఆయనకు గొంతు లేదు. అయినా నిబంధన నిబంధనే గనుక, ముక్కుతో పాడుతున్నాడు.

చేరిన మూడోనాటి సాయంత్రం, పద్యం ముగించి, చెమట తుడుచుకొని, ఆయన వేదిక అంచుకు వచ్చి వంగి మెల్లగా అడిగాడు.

“అమ్మా, అసలు మీరు చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే నాకు చెప్పండి. నేను వింటాను.”

పేరిందేవి ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న వేసినవాడు ఇతనొక్కడే. జమీందారు మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

“అయ్యా, సంభాషణ కూడదు” అన్నారు చిదానందం పక్క నుంచి, పుస్తకంలో వేలు పెట్టుకొని.

కొత్త ఆర్డీవో తల దించుకొన్నాడు. బంట్రోతు అలవాటు కొద్దీ తాడు మీద చేయి వేశాడు. పేరిందేవి చెంగు సవరించుకొని, తండ్రి హార్మోనియం మీద రెండు చేతులూ ఆనించి, ఆ భవనంలో తనకు పలకడానికి హక్కున్న ఆ ఒక్క మాటా పలికింది.